పేరూ ఊరూ రాసిన విన్నపం

పర్చూరు క్రైస్తవపేటలో ఎవరి కష్టమైనా ముందు ఎలీసమ్మ టీచరు చెవిన పడాలి, ఆ తర్వాతే దేవుడి దగ్గరికి వెళ్లాలి. అక్కడి రివాజు అది. స్త్రీల ప్రార్థన సమాజానికి ఆమె కార్యదర్శి. ఎవరి కొడుకు తాగుతున్నాడో, ఎవరి కూతురు పుట్టింటికి వచ్చి కూర్చుందో, ఎవరి ఒంట్లో ఏ జబ్బు ఉందో, అన్నీ చీటీల మీద రాయించుకునేది. చీటీలో పేరూ, ఊరూ, ఉన్న ఇల్లూ ఉండి తీరాలి. "ఎవరి కోసమో తెలియకుండా ప్రార్థన ఎట్టా చేస్తారమ్మా? దేవుడికి తెలుసు సరే, మోకాళ్లేసేవాళ్లకి తెలియొద్దూ?" అని గదమాయించేది.

2003లో ఇంట్లోకి కంప్యూటరు వచ్చాక చీటీల పని సులువైపోయింది. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, చీరాలలోనూ ఒంగోలులోనూ పొన్నూరులోనూ ఉన్న సిస్టర్లకు మెయిలు పంపేది. ఫోనంటే ఆమెకు నమ్మకం లేదు. తన ఇంట్లో ఫోనుంది గానీ, అవతలివాళ్లు కొట్టు ఫోనులో మాట్లాడితే పక్కన నలుగురు చెవులు రిక్కించి నిలబడతారు. మెయిలుకైతే తాళం ఉంది, తాళంచెవి తన దగ్గరే ఉంది. ఇరవై రెండేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి ఇంత అమాయకంగా ఎలా నమ్మిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆ మెయిళ్లలోకి ఆరాధన పేరు వచ్చింది. ఎలీసమ్మ దగ్గరే పదో తరగతి చదివిన పిల్ల. ఆమె మొగుడు మార్క్ పత్తి మిల్లులో కంప్యూటరు ముందు కూర్చునే గుమాస్తా. ఆదివారాలు గుడిలో కీబోర్డు వాయించేవాడు. అతను వాయిస్తుంటే ముసలివాళ్ల కళ్లు చెమర్చేవి. ఆ చేతులే ఇంట్లో ఏం చేసేవో ఆరాధన మెడ చూస్తే తెలిసేది. ఒకరోజు మధ్యాహ్నం విరిగిన మణికట్టుతో వచ్చి, "టీచరమ్మా, ఈసారి నన్ను బతకనియ్యడు" అంది. ఏడవలేదు కూడా.

ఎలీసమ్మ ఆ సాయంత్రమే ఆమెను ఒంగోలు అవతల కొత్తపట్నం తీసుకెళ్లి సువార్తమ్మ ఇంట్లో దాచింది. సువార్తమ్మ రోజూ ఒంగోలు వెళ్లి బళ్లో పాఠాలు చెప్పి, సాయంత్రం అక్కడే నెట్ సెంటరులో మెయిలు చూసుకుని, బస్సెక్కి ఊరు చేరుకునే మనిషి. ఎలీసమ్మ తన మొగుడు ఇమ్మానియేలుకు తప్ప పర్చూరులో ఒక్కరికి కూడా ఈ సంగతి చెప్పలేదు. చెప్పలేదు గానీ రాసింది. ఆరాధన, కొత్తపట్నం, సువార్తమ్మగారి ఇల్లు, విరిగిన చేయి, బలమైన ప్రార్థన అవసరం. అలవాటు చొప్పున ఒక్క వివరం కూడా వదలకుండా రాసింది.

మార్చి మొదటి వారంలో ఆమె ఒకటి గమనించింది. తెరవని ఉత్తరాలు లావు అక్షరాల్లోనూ, చదివినవి సన్న అక్షరాల్లోనూ కనిపిస్తాయి. సువార్తమ్మ పంపిన ఉత్తరం తను ఇంకా తెరవనే లేదు, అప్పటికే సన్నబడి ఉంది. మూత పెట్టి వెళ్లిన గిన్నె మీద మూత పక్కకు జరిగి ఉంటే ఎలా ఉంటుందో అలా ఉంది ఆమె ప్రాణానికి. ఇమ్మానియేలును పిలిచి చూపించింది.

"కరెంటు పోతా వస్తా ఉంటే అది అట్టాగే తిక్కతిక్కగా చేసుద్ది. దానికేదో దయ్యం పట్టినట్టు చూస్తావేందే?" అన్నాడాయన. ఆమె కూడా నవ్వేసింది. ఆ వారంలో మరో రెండు ఉత్తరాలు అలాగే సన్నబడి కనిపించాయి, కరెంటునే తిట్టుకుంది.

శుక్రవారం వచ్చిన ఉత్తరంలో, రెండు రోజులుగా కాస్తున్న జ్వరం ఆరాధనకు తగ్గిందని సువార్తమ్మ రాసింది. శనివారం పరీక్ష పేపర్లు దిద్దే గొడవలో పడి ఎలీసమ్మ కంప్యూటరు ముట్టలేదు.

ఆదివారం గుడిలో కూడిక అయిపోయింది. జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. మార్క్ కీబోర్డుకు గుడ్డ చుట్టి ఆమె దగ్గరికి వచ్చాడు. తెల్ల చొక్కా, నున్నగా దువ్విన జుట్టు, మెత్తటి గొంతు.

"వందనాలక్కా. మా ఆవిడకి జ్వరం తగ్గిందంటగా. దేవుడికి స్తోత్రం."

అని నవ్వి, బండెక్కి వెళ్లిపోయాడు. ఎలీసమ్మ చెప్పు వేసుకోబోతూ ఆగిపోయింది. జ్వరం మాట ఇమ్మానియేలుకు కూడా చెప్పలేదు తను. అది మెయిలులో తప్ప ఇంకెక్కడా లేదు.

పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చి కంప్యూటరు పెట్టింది. మోడెం కీచుకీచుమంటూ లైను కోసం తన్నుకుంటుంటే, ఎలా తెలిసిందిరా వీడికని బుర్ర బద్దలు కొట్టుకుంది. తెలిశాక సిగ్గుతో చచ్చిపోయింది. కంప్యూటరు నేర్పిన కుర్రాడు, పాస్‌వర్డు ఎన్నటికీ మరిచిపోనిది పెట్టుకోమన్నాడు. సమాజంలోని ఆడవాళ్లందరూ ఆ ఏటి వాగ్దాన వాక్యం పెట్టుకున్నారు. జనవరి ఒకటిన గుడిలో బైబిలు వాక్యాల కార్డులున్న పళ్లెం పడతారు, ఒక్కొక్కరూ ఒక కార్డు తీస్తారు, అధ్యాయంతో, వచనంతో సహా మైకులో చదువుతారు, సంఘమంతా ఆమెన్ అంటుంది. తర్వాత దాన్ని పటం కట్టి వీధిగదిలో తగిలిస్తారు. ఎలీసమ్మ తన తాళంచెవిని మూడు వందల మంది ముందు మైకులో చదివింది. ఆ పూట వేదిక మీద కీబోర్డు వాయించింది మార్కే.

లైను కలిసింది. పాస్‌వర్డు మార్చాలని నొక్కబోయింది. పైన సువార్తమ్మ ఉత్తరం ఉంది, నిన్నటిది, సన్న అక్షరాల్లో.

"సిస్టర్, మీరు చెప్పినట్టే ఆదివారం పొద్దున్నే ఆరాధనను బస్సెక్కిస్తాను. ఒంటిగంటకల్లా పర్చూరులో దిగుద్ది. మీరు బస్టాండుకి వస్తారని చెప్పాను. పిల్ల సంతోషంగా ఉంది."

తను ఏమీ చెప్పలేదే! పంపిన ఉత్తరాల్లోకి వెళ్లి చూసింది. శుక్రవారం రాత్రి తన పేరుతో ఒక ఉత్తరం వెళ్లింది. "ఇక్కడ అంతా సర్దుకుంది, ఆరాధనను ఆదివారం పంపించండి" అని. వందనాలు పెట్టే తీరూ, పిల్లను అమ్మడూ అనే పిలుపూ, చివర 'ప్రార్థించండి' అని రెండుసార్లు రాయడమూ అచ్చం ఆమెవే. తనే రాసి మరిచిపోయిందా అని ఒక్క క్షణం ఆమెకే అనుమానం వచ్చింది. ఆమె ఉత్తరాలన్నీ కూర్చుని చదివితే తప్ప ఆ తీరు ఎవరికీ రాదు.

గోడ గడియారం ఒంటిగంటా పది చూపిస్తోంది.

బస్టాండు దాకా ఎలా వెళ్లిందో ఆమెకు గుర్తు లేదు. ఒంగోలు బస్సు ఖాళీగా నిలబడి ఉంది. బెంచీల దగ్గర ఎవరూ లేరు. సోడాబండి నన్నే సాహెబ్ ఆమెను చూసి స్టూలు ముందుకు జరిపాడు.

"ఏంది టీచరమ్మా, ఆ రొప్పేంది? కూర్చోండి."

"సాహెబ్, ఆరాధన దిగిందా? మా ఆరాధన?"

"దిగింది. వాళ్లాయన బండేసుకుని ముందే వచ్చి నిలబడ్డాడు. అతన్ని చూసి ఆ పిల్ల మళ్లీ బస్సెక్కబోయింది పాపం. గొడవైద్దేమో, అడ్డం పడదామనే లేచాను. అంతలో అతనేదో కాయితం ఇచ్చాడు. రెండుసార్లు చదువుకుంది, కళ్లు తుడుచుకుంది, బండెక్కింది. కాయితం ఇక్కడే పడేసుకుపోయింది. ఇదిగో."

మిల్లు ప్రింటరు మీద తీసిన కాగితం. పైన ఎలీసమ్మ మెయిలు చిరునామా ఉంది.

"అమ్మడూ, మార్క్ మారాడు. నా ముందు మోకరించి ఏడ్చాడు. నేనే అతన్ని పంపిస్తున్నాను. భయపడకుండా బండెక్కు. నేను ఇంటి దగ్గర ఎదురుచూస్తుంటాను. నీ టీచరమ్మ."

"పేటలోకి వచ్చారా?" అంది.

"లేదమ్మా. ఊరి బయటికి, ఇంకొల్లు రోడ్డెక్కారు. అటెందుకు తిప్పాడా అని నేనూ అనుకున్నా."

ఎలీసమ్మ స్టూలు మీద కూలబడిపోయింది. ఆ పిల్ల మొండిది. మార్క్ చెయ్యి పట్టుకుని లాగి ఉంటే కొరికేది, అరిచి బస్టాండంతా పోగేసేది. సాహెబ్ లేచేవాడు, డ్రైవరు దిగేవాడు. ఎవరో ఒకరు ఆపేవాళ్లు.

నన్నే సాహెబ్ సోడా కొట్టి ఆమె చేతికిచ్చాడు.

"ఎందుకమ్మా ఏడుస్తారు? మీరు చెబితేనేగా ఎక్కింది. టీచరమ్మ రాసిందిలే బాబాయ్, ఫర్వాలేదు అని నాతో చెప్పి మరీ ఎక్కింది."