ఐదో మంచం చీము

మద్దిలపాలెంలోని ఆ చిన్న నర్సింగ్‌హోములో కృపావతి నర్సుగా చేరి మూడేళ్ళయింది. తొంభై ఎనిమిది వానాకాలంలో ఆడవాళ్ళ వార్డులో ఒకరి తర్వాత ఒకరికి ఆపరేషను కుట్లు చీము పట్టసాగాయి. మొదట మూడో మంచం, తర్వాత నాలుగు, ఆ తర్వాత ఐదు. వార్డంతా కుళ్ళు కంపు. ఇంటికెళ్ళి ఎంత రుద్దుకుని స్నానం చేసినా ఆ కంపు ముక్కును వదిలేది కాదు. అన్నం ముందు కూర్చుంటే డోకొచ్చేది.

చీము ఎలా పాకుతోందో ఆమెకు తెలుసు. డాక్టర్ శ్రీరామ్మూర్తి రోజూ రౌండుకొచ్చి, ఒట్టి వేళ్ళతో ఒకరి పుండు నొక్కి చూసి, వేళ్ళు కోటుకు తుడుచుకుని పక్క మంచానికి పోయేవాడు. ఒకసారి చెప్పబోతే, "పాతికేళ్ళ సర్వీసమ్మా నాది" అన్నాడు. మళ్ళీ ఆమె నోరెత్తలేదు.

ఆరో మంచం మీదికి జాలరిపేట నుంచి పోతమ్మ వచ్చింది. చేపలమ్ముకునే మనిషి; కడుపులో గడ్డ తీశారు. "ఏమిటీ నీచు వాసన!" అని డాక్టరు ఆమెకేసి చూసి మొహం చిట్లించాడు. ఐదో మంచం మహేశ్వరి కట్టు విప్పి నొక్కాడు. పచ్చటి చీము వేలి మీదికి జారి గోటి సందులో ఇరుక్కుంది. కోటుకు రాసుకుని, అదే చేత్తో పోతమ్మ కట్టు అందుకోబోయాడు.

పోతమ్మ ఆ చేతిని గట్టిగా పట్టేసింది.

"ఆగు బాబూ! సేపలు కోసిన సెయ్యి కడుక్కోకుండా నాను మనవరాలికి బువ్వెట్టను. ఆ పిల్ల సీము నా కడుపుకి రాసేత్తన్నావేటి?"

"వదులు! సిస్టర్, ఈమెకి డిశ్చార్జి రాసెయ్యి!"

"సిస్టరమ్మా, నువ్వు రోజూ సూత్తన్నావు కదా. సెప్పవేటి?"

కృపావతికి రోత పుట్టింది. ఆ వేలిని చూసి కాదు, మూడేళ్ళుగా దాని వెనకే ట్రే పట్టుకుని తిరిగిన తన మీద తనకే. ట్రే కింద పెట్టేసి, బేసినూ సబ్బూ మగ్గుతో నీళ్ళూ తెచ్చి అతని ముందు నిలబడింది.

"కడుక్కోండి సార్. గోళ్ళ సందులు కూడా."

వార్డంతా చూస్తుండగా అతను కడుక్కున్నాడు.

పోతమ్మ కుట్లు ఎండి తొమ్మిదో రోజున ఇంటికెళ్ళింది. మహేశ్వరికి మాత్రం మళ్ళీ కోసి కుట్టాల్సి వచ్చింది. ఆ నెలాఖరున కృపావతిని పనిలోంచి తీసేశారు. వెళ్ళేముందు ఆమె మహేశ్వరి పక్కన కూర్చుని, ఆ చీము నాలుగో మంచం నుంచి ఎలా వచ్చిందో దాచకుండా చెప్పింది.

మహేశ్వరి తన కట్టు మీద చెయ్యేసుకుంది. తర్వాత, "నీకు ముందే తెల్సా అక్కా?" అంది.

"తెలుసు" అంది కృపావతి.