తూముల దిబ్బ మీద వనభోజనం

కార్తీకమాసంలో చేపల వేటకి వెళ్ళాలని ముక్తేశ్వరం గోవిందరాజులుగారికి గానీ, ఆయన్ని తీసుకెళ్ళాలని అంతర్వేది ముత్యాలరాజుకి గానీ ఏ కోశానా లేదు. ఇద్దరూ మర్యాదస్థులు కావడం వల్ల వెళ్ళవలసి వచ్చింది.

భాద్రపదంలో గోవిందరాజులుగారు ఫోనులో ఒక వీడియో చూశారు. ముత్యాలరాజు తన వేట పడవకి తెల్లరంగు వేయించి, నీడకి పైన గుడ్డ కట్టించి, ప్లాస్టిక్ కుర్చీలు తాళ్ళతో బిగించి, ‘కుటుంబ సమేతంగా ప్రశాంతమైన చేపల వేట, లోతు తక్కువ, భయం లేదు’ అని పెట్టిన వీడియో అది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోటు దాటి కొంచెం ముందుకి వెళితే, చేపలు చేరతాయని ఎప్పుడో అడుక్కి దింపిన సిమెంటు తూములు గుట్టగా పడి ఉన్నాయి. వాటికి నాచు పట్టి, ఆల్చిప్పలు పట్టి, ఇప్పుడదొక చేపల ఊరు. లోతు నాలుగు బారలు. పల్లెవాళ్ళు దాన్ని తూముల దిబ్బ అంటారు.

గోవిందరాజులుగారు ఫోను చేసి, తమ్ముడి కుటుంబంతో కలిపి పదకొండుమందికి పడవ మొత్తం మాట్లాడేసుకున్నారు. తారీకు ఫోనులో ఉన్న కేలండరు చూసి పెట్టారు. గోడ మీద ఉన్న కేలండరు చూసి ఉంటే ఈ కథ లేదు.

గోడ కేలండరు చూసింది ఆయన భార్య వెంకటలక్ష్మి. పది రోజుల ముందు పాలలెక్క రాయబోతూ, ఆ ఆదివారం కార్తీక బహుళ ద్వాదశి అని గమనించింది. ఆ ఇంట్లో కార్తీకం నెల్లాళ్ళూ ఉల్లిపాయే గుమ్మం తొక్కదు, ఇక చేప సంగతి చెప్పాలా. సంగతి భర్తకి చెబితే ఆయన చాలాసేపు ఆలోచించి, మాటిచ్చాక ఇప్పుడు కాదంటే ఆ ముత్యాలరాజు ఏమనుకుంటాడు అన్నారు.

అదే వారంలో అంతర్వేదిలో ముత్యాలరాజు భార్య పాపాయమ్మ కూడా మొగుడికి ఇదే సంగతి చెప్పిందట. అంత పెద్దింటివాళ్ళు తిథి చూసుకోకుండా పెట్టుకుంటారా, మనం చెబితే వాళ్ళకి తెలీదని ఎత్తిచూపినట్టుంటుంది అన్నాడట అతను. పది రోజుల్లో ఈ మగవాళ్ళిద్దరూ ఒకరికొకరు నాలుగుసార్లు ఫోన్లు చేసుకున్నారు. వాన గురించి, కోతల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. అవతలివాడు చెబుతాడేమోనని కాసేపు ఆగి, ఉంటానండీ అంటే ఉంటానండీ అనుకుని పెట్టేశారు.

చివరికి దారి చూపించింది గోవిందరాజులుగారి తల్లి భవానీదేవిగారు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. ఎలాగూ కార్తీకం కదా, వెళ్ళి వనభోజనం చేసొద్దాం అన్నారావిడ. సముద్రంలో వనం ఎక్కడిదని కొడుకు సణిగితే, వనభోజనానికి కావలసింది ఉసిరిచెట్టు గాని వనం కాదని తేల్చేశారు. కడియం నర్సరీ నుంచి తొట్టిలో పెంచిన ఉసిరిచెట్టు వచ్చింది. మనిషెత్తు చెట్టు, నాలుగు కాయలు కూడా ఉన్నాయి.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు, వెంకటలక్ష్మి తప్ప.

ఆవిడ పుట్టిల్లు సఖినేటిపల్లి. ఇంటి వెనకే కాలవ. ఎనిమిదో ఏటి నుంచి డిగ్రీ పరీక్షలు రాసేదాకా, వెదురుకర్రకి దారం కట్టి ఆ గట్టు మీద కూర్చుని జెల్లల్నీ వాలుగల్నీ పట్టింది. కామర్సు చదివిందిగాని జీవితంలో తనకి నిజంగా వచ్చిన విద్య అదొక్కటేనని ఆవిడ నమ్మకం. ముక్తేశ్వరం కాపరానికొచ్చాక చేపలు ముక్కలుగానే ఇంటికొస్తున్నాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా గాలం ముట్టుకోలేదు. భాద్రపదంలో ఆ వీడియో చూపించినప్పుడు ఆవిడ అడిగింది ఒక్కటే మాట, గాలం ఎవరికి వాళ్ళకి ఇస్తారా అని. ఇస్తారన్నారు గోవిందరాజులుగారు. ఆ రెండు నెలలూ ఆవిడ అంట్లు తోముతున్నా చెయ్యి ఒకవైపుకి లాగుతున్నట్టే ఉండేది. ఒక్క చేప. అంతకన్నా ఆవిడకేమీ అక్కర్లేదు.

ఆదివారం పొద్దున్న ఏడింటికి రేవులో దిగారు. కంద బచ్చలి, గుమ్మడికాయ దప్పళం, పులిహోర గుండిగ, గారెలు, పెరుగావడలు, అరిటాకుల కట్ట, ఉసిరిచెట్టు దిగాయి. ముత్యాలరాజు చెట్టుని చూశాడు. వేట పడవకి చెట్టెందుకని అడగడం మర్యాద కాదు గనక, తల వైపు కట్టమంటారా తోక వైపు కట్టమంటారా అని మాత్రం అడిగాడు. మధ్యలో అన్నారు భవానీదేవిగారు. ఆయ్ అని మధ్యలోనే కట్టాడు. నారింజరంగు లైఫ్ జాకెట్లు ఇస్తే, ఎవరెవరు తొడిగి విడిచారో అని ఆవిడ పదకొండింటి మీదా పసుపునీళ్ళు జల్లించి, అప్పుడు తొడుక్కున్నారు. చెట్టుకి కూడా ఒకటి తొడిగించారు.

తరవాత అసలు సంగతికొచ్చారావిడ.

“ముత్యాలరాజూ, వేట ఎలా చేస్తారో అలాగే చెయ్యి. లోటు రాకూడదు. చేప మాత్రం పడకూడదు.”

“ఆయ్.”

“ముల్లు తీసెయ్యి.”

పాతికేళ్ళుగా సముద్రం మీద బతికిన ముత్యాలరాజు, తన చేత్తో కట్టిన గాలపు ముళ్ళు పదకొండూ ఒక్కొక్కటే కోసి రేకుడబ్బాలో వేసుకున్నాడు. ఉత్త దారం వేస్తే చేపల్ని పిలిచి అవమానించినట్టుంటుందని భవానీదేవిగారు ప్రతి దారానికీ ఒక గారెముక్క కట్టించారు.

వెంకటలక్ష్మి ఆ రేకుడబ్బా వంకే చూస్తూ కూర్చుంది. ఇంజను దగ్గర కూర్చున్న పాపాయమ్మ ఆవిడ చూపుని చూసింది. ఏటిమొగ దాటేవరకూ ఆగింది. ఆటుకి పడవ ఊగి, అందరూ కుర్చీలు పట్టుకుని గోవింద కొడుతున్నప్పుడు జరిగి పక్కకొచ్చింది.

“ముల్లు లేకుండా గాలం వెయ్యడం, పెనం లేకుండా అట్టు పొయ్యడవండీ అమ్మగారు,” అంది సన్నగా.

తమలపాకు చుట్ట ఒకటి ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. చుట్టలో ఒక ముల్లు, ఒక పచ్చిరొయ్య. వెంకటలక్ష్మి చుట్టని కొంగు కిందికి లాక్కుంది. తింటేగదా తప్పు, ముట్టుకుంటే ఏముంది అని తనకి తాను చెప్పుకుని, కొంగు చాటున ముడి వేసింది. ముప్ఫై ఒక్క ఏళ్ళయినా వేళ్ళు ఆ ముడిని మర్చిపోలేదు.

తూముల దిబ్బ మీద లంగరు వేశారు. నీళ్ళు నిలకడగా ఉన్నాయి. పదకొండు దారాలు దిగాయి. గారెముక్కలు రెండు నిమిషాల్లో అయిపోయాయి. మళ్ళీ కట్టారు. మళ్ళీ అయిపోయాయి. ఈసారి చేపలు పైకే వచ్చేశాయి. చిన్నవీ పెద్దవీ, చారలవీ మచ్చలవీ, నోళ్ళు తెరుచుకుని పడవ చుట్టూ బంతి తీరాయి.

కోనసీమవాళ్ళు ఎదురుగా ఎవరైనా నోరు తెరిస్తే చూస్తూ ఊరుకోలేరు. ముందు పిల్లలు పులిహోర చల్లారు. తరవాత తోటికోడలు గరిటె అందుకుంది. పది నిమిషాల్లో వేట సంగతి అందరూ మర్చిపోయి వడ్డనలో పడ్డారు. భవానీదేవిగారు కుర్చీలోంచి అజమాయిషీ చేస్తున్నారు. కంద వెయ్యొద్దు, గొంతు దురద పెడుతుంది పాపం అన్నారు. గోవిందరాజులుగారు వంగి చూసి, వెనకాల ఆ నల్లవి మొహమాటపడుతున్నాయని, వాటికి విడిగా వేయించారు. ముత్యాలరాజు వలలు వేసిన చేతుల్తోనే పెరుగావడలు తుంచి, ఎడమవైపు అందలేదండీ పెద్దమ్మగారండీ అని కబురందిస్తున్నాడు. అతని మొహంలో ఏ భావమూ లేదు. మనిషి బాగా నలిగితేగాని మొహం అంత నున్నగా తయారవదు.

అప్పుడు వెంకటలక్ష్మి చేతిలో దారం బిగుసుకుంది.

గారెముక్కల్ని గిల్లే చేపలు కావు. అడుగున, తూములోంచి, ఏదో ఒకటి బయటికొచ్చి, రొయ్యని మింగి, తిరిగి ఇంట్లోకి వెళ్ళబోయింది. ఆవిడ వెళ్ళనివ్వలేదు. పైన కనపడే మనిషేమో పురాణం వింటున్నట్టు కూర్చుంది. చీర అంచు కింద కాళ్ళు రెండూ పడవ చెక్కకి తన్నిపెట్టి, దారం వేళ్ళని కోసేస్తుంటే వదులుతూ, లాగుతూ, మళ్ళీ వదులుతూ ఉంది.

“ఏంటమ్మాయ్, వణుకుతున్నావు,” అన్నారు అత్తగారు.

“చలిగాలండి అత్తయ్యగారూ.”

ఎండ నెత్తి మాడ్చేస్తోంది. అత్తగారు చూపు తిప్పుకోలేదు. దాచడానికి ఇక కుదరని క్షణంలో వెంకటలక్ష్మి లేచి నిలబడి రెండు చేతులా లాగింది. మూడు కిలోల పండుగప్ప, వెండి పళ్ళెంలాంటిది, ఎగిరొచ్చి ఉసిరిచెట్టు మొదట్లో పడింది.

గరిటెలు ఆగిపోయాయి. కార్తీక బహుళ ద్వాదశి నాడు, ఉసిరిచెట్టు నీడన, ఆ ఇంటి పెద్దకోడలు పట్టిన చేప. గోవిందరాజులుగారు భార్యని చూశారు, తల్లిని చూశారు. మంచి మనిషి గనక వెంటనే దారి వెతికారు.

“దానంతటదే ఎగిరిపడ్డట్టుందమ్మా.”

“ఆయ్,” అన్నాడు ముత్యాలరాజు. “పండుగప్పలు అప్పుడప్పుడు ఎగురుతాయండీ.”

చేప పెదవికి ముల్లు, ముల్లుకి దారం, దారానికి అవతలి కొసన వెంకటలక్ష్మి చెయ్యి అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి. అయినా ఆ మాట అందరికీ నచ్చింది. భోజనాల వేళకి వచ్చిన అతిథి అని భవానీదేవిగారు ఒక తీర్పులాగా పలికేసరికి మిగిలింది కూడా సర్దుకుపోయింది. ఐసుపెట్టెలో సముద్రపు నీళ్ళు పోసి దాన్ని అందులో ఉంచారు. ముందర అరిటాకు పరిచారు. తోటికోడలు పులిహోర వడ్డించి, నెయ్యి వెయ్యాలా అక్కర్లేదా అని అడిగింది. దూరం నుంచి వచ్చింది, వెయ్యమన్నారు గోవిందరాజులుగారు.

వెంకటలక్ష్మి వేళ్ళ మీద దారం కోసిన గీతలు ఎర్రగా తేలాయి. వాటినే చూసుకుంటోంది. ఆ ఇంట్లో ఆవిడ పెట్టిన ఆవకాయ ఏటేటా దానంతటదే బాగా కుదురుతుంది. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే చదువుకున్నారు. మావగారి చివరి రెండేళ్ళూ మంచం మీద పుండు పడకుండా దేవుడే కాపాడాడు. ఇప్పుడీ చేప దానంతటదే పడవెక్కింది. నోరు మూసుకుంటే ఏ గొడవా లేదు. తాంబూలం ఇచ్చి అతిథిని సాగనంపేస్తారు. తనకి మాటపడే పని కూడా ఉండదు.

“అది రాలేదండి అత్తయ్యగారూ,” అందావిడ. “నేను పట్టేను.”

గోవిందరాజులుగారు దగ్గారు. ఇంకోసారి దగ్గారు.

“ముల్లెక్కడిది?” అన్నారు భవానీదేవిగారు.

పాపాయమ్మ ఇంజను మూత తీసి లోపల దేనికోసమో వెతకడం మొదలెట్టింది.

“ముల్లూ నేనే కట్టేనండి. రొయ్యా నేనే గుచ్చేను. పది నిమిషాలు లాగేను. చలిగాలని మీతో అబద్ధం ఆడేను. ఆ అబద్ధానికి ఏం చెయ్యమంటే అది చేస్తాను. చేప మాత్రం నేను పట్టిందేనండి.”

భవానీదేవిగారు కోడల్ని కిందనుంచి పైదాకా చూశారు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆవిడ అంత తీరిగ్గా కోడల్ని చూడడం ఇదే మొదలు. తరవాత ఐసుపెట్టెలోకి వంగి చేపని చూశారు.

“అయితే అతిథి కాదన్నమాట,” అన్నారు. “ఆకు తీసెయ్యండి. పట్టిన చేత్తోనే వదిలెయ్యమ్మాయ్.”

వెంకటలక్ష్మి చేపని ఎత్తింది. ముత్యాలరాజు సాయానికి రాబోతే వద్దంది. చెంపల దగ్గర పట్టుకుంటే కోసుకుంటుందని ఆవిడకి తెలుసు. బొటనవేలు కింది దవడలో పెట్టి, ముల్లు వెనక్కి తిప్పి తీసింది. తీశాక వెంటనే వదలలేదు. బరువు ఈ చేతి మీద చూసుకుంది, ఆ చేతి మీద చూసుకుంది. పిల్లలు ఫోటో తీస్తామంటే కదలకుండా నిలబడింది. అప్పుడు వంగి నీళ్ళలో పెట్టింది. చేప క్షణం ఆగి, అడుక్కి, తూముల్లోకి వెళ్ళిపోయింది.

తరవాత అందరూ చెట్టు నీడన కూర్చుని వనభోజనం చేశారు. పులిహోర సగం పైన చేపలే తినేశాయి గనక మనుషులకి చాల్లేదు. దప్పళం బాగా కుదిరిందని మరిదిగారు అన్నారు. ఎవరో చేస్తేగాని కుదరదురా, మీ వదిన చేసింది అన్నారు భవానీదేవిగారు, ఆకు మీంచి తలెత్తకుండా.

చేతులు కడుక్కుని వెంకటలక్ష్మి ముత్యాలరాజు దగ్గరికి వెళ్ళింది. పోలిపాడ్యమితో కార్తీకం వెళ్ళాక, ఆ వచ్చే బుధవారం పడవ ఖాళీయేనా అని అడిగింది. ఎంతమందండీ అని అతను గోవిందరాజులుగారి వంక చూశాడు. గోవిందరాజులుగారు తల్లి వంక చూశారు. ఆవిడ తమలపాకు ఈనె తీసుకుంటూ ఎటూ చూడలేదు.

“నేనొక్కదాన్నే,” అంది వెంకటలక్ష్మి.

“తెల్లారి ఐదింటికల్లా రేవులో ఉండండమ్మగారు,” అంది పాపాయమ్మ మొగుడికన్నా ముందే. “ఈయన్ని ఇంటికాడే ఉంచేస్తానండీ. ఇంజను నేనే చూసుకుంటాను.”