ఉరుముల పక్కనుంచి

భర్త పెట్టెలోంచి మాసిన చొక్కాలు తీసి, ఒక్కొక్కదాని జేబులు తడుముతోంది ఆమె. ఊళ్ళు తిరిగొచ్చేది ఆయన, పెట్టె సర్దేదీ విప్పేదీ ఆమె. పెళ్ళయిన నాటి నుంచీ ఆ పంపకంలో మార్పు లేదు.

హాల్లో ఆయన తల్లికీ చెల్లెలికీ ప్రయాణం కథ చెబుతున్నాడు.

"నాలుగు గంటల్లో దిగాల్సినవాళ్ళం, అయిదు దాటింది. సముద్రం మీద ఎటో చుట్టూ తిప్పి తీసుకొచ్చారు. ఆ దారి వేసిన దద్దమ్మ ఎవడో గానీ, వాడికి తిన్నగా గీత గియ్యడం కూడా రాదు."

ఆడపడుచు కిసుక్కున నవ్వింది. లోపలి గదిలో ఆమె చేతిలో చొక్కా చేతిలోనే ఉండిపోయింది.

ఆ దద్దమ్మ ఆమే. విమాన సంస్థలో దారులు వేసే ఉద్యోగం ఆమెది. రెండు నగరాల మధ్య దూరం పటం మీద ఎప్పుడూ ఒక్కటే. కానీ పోయేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురొస్తుంది, అందుకే తిరుగు ప్రయాణం ఎప్పుడూ ఎక్కువసేపు. నిన్న దానికి తోడు దారికి అడ్డంగా ఉరుముల మేఘాలు లేచాయి. పక్కనుంచి తిప్పి, ఆ చుట్టుకి సరిపడా ఇంధనం పోయించి, ఆ దారి కాగితం కింద సంతకం పెట్టింది. ఆ సంతకం పడందే విమానం నేల వదలదు. అందులో మొగుడున్నాడని ఆమెకి తెలుసు. లేకపోయినా అదే దారి వేసేది.

"ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చోవడమేగా" అన్న మాటకి మించి ఆ ఉద్యోగం గురించి ఇంట్లో ఎవరికీ తెలియదు. అడిగితే కదా తెలిసేది. దారులు వేసేవాళ్ళు ఏడాదికోసారి పైలట్ల వెనక సీట్లో కూర్చుని, తాము వేసిన దారిని కళ్ళారా చూసి రావాలని ఆఫీసులో ఆనవాయితీ. ఆమెకి ఇంతవరకూ కుదరలేదు. ఒక ఏడు అత్తగారి మోకాలు నొప్పి, మరో ఏడు ఆడపడుచు పురుడు, పోయినేడు "నువ్వెళ్తే పిల్లకి అన్నం ఎవరు పెడతారు?" అని ఆయన. ఈసారీ రాకపోతే ఆ దారి వేసే పని ఇంకొకరికి ఇచ్చేస్తానని పై అధికారి తేల్చేశాడు. ఇవాళే జవాబు చెప్పాలి. పొద్దున్నుంచీ కుదరదని చెప్పడానికే మాటలు కూడదీసుకుంటోంది. తన మీద తనకే ఒళ్ళు మండింది.

చొక్కా అక్కడే పడేసి హాల్లోకి వచ్చింది.

"ఆ దారి వేసింది నేను. తిన్నగా వేసుంటే ఉరుముల్లోంచి వచ్చేవారు."

ఆయన తల తిప్పి చూశాడు. "నువ్వా? ఎప్పుడూ చెప్పలేదే."

"మీరెప్పుడూ అడగలేదు."

వాళ్ళ ముందే నిలబడి పై అధికారికి ఫోన్ చేసింది. "సార్, ఎల్లుండి పైలట్ల వెనక సీట్లో నేనే కూర్చుంటాను."

"మరి ఇక్కడ ఇల్లూ, పిల్లా..." ఆయన నసిగాడు.

"మీరున్నారుగా."

తడుముకోకుండా ఆ మాట అనగలిగినందుకు ఆమెకే ఆశ్చర్యంగా ఉంది, గర్వంగానూ ఉంది. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని ఆమెని ఎగాదిగా చూసింది.

"అంత ముందు కూర్చుంటే భయం వెయ్యదూ?"

"నేను వేసిన దారేగా అత్తయ్యా, భయమెందుకు?"