పెదవి బతికించుకున్న ఏడాది

మా ఆయన పైడయ్య సముద్రం అవతల తైపింగ్ ఊళ్ళో, తెల్లదొరల పటాలంలో బాకా ఊదేవాడు. ఆ విద్య వాళ్ళ నాన్నది, విజయనగరం దండులో నేర్చుకున్నది. మా పెళ్ళయిన మూడో వారం, సెలవు మీద ఇపో పట్నం వెళ్ళినప్పుడు, కల్లు దుకాణంలో ఒకడు "మీ నాన్న ఊదింది బాకా కాదురా, పొయ్యి" అన్నాడట. ఈయన చేతిలోని ముంత వాడి నెత్తిన పగిలింది.

నేరం రుజువైంది. మేజిస్ట్రేటు జైలుకు పంపలేదు. ఏడాదిపాటు బుద్ధిగా ఉండాలి, కల్లు దుకాణం గడప తొక్కకూడదు, నెలకోసారి సుంగై సిపుట్ ఠాణాలో కనబడాలి, తప్పితే ఆరు నెలలు లోపలే అన్నాడు. రబ్బరు తోటలో కంగాణీగా కూలీలను నడిపించే మా అన్న బంగారయ్య పూచీ పడ్డాడు. పటాలం వాళ్ళు పేరు కొట్టేశారు. మచ్చ లేకుండా ఏడాది గడిపి కాగితం తెచ్చుకుంటే అప్పుడు చూద్దామన్నాడట దొర.

అలా మేము అన్న తోటలో చేరాం. తెల్లవారకముందే కాపలావాడు కొమ్ము ఊదేవాడు. రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. వినగానే రబ్బరు పాలు పట్టే బాల్దీ అందుకుని పెరట్టుకు, అంటే కూలీల హాజరుకు, పరిగెత్తాలి. ఆ హాజరు తప్పితే ఆ రోజు పని లేదు. నెల తిరిగేసరికి ఆ కూతకి నా ఒళ్ళు దానంతటదే లేచి నిలబడేది.

మధ్యాహ్నం రబ్బరు పాలు అప్పగించాక మా ఆయన మాయమయ్యేవాడు. రోజూ గంటసేపు. తిరిగి వచ్చేసరికి పెదవులు ఎర్రగా వాచి ఉండేవి.

"ఏటి మావా, ఆ మూతి?"

"సీమ కుట్టినాది."

"రోజూ అదే సీమా?"

"తోటనిండా సీమలే కదే అచ్చీ."

అన్నకు అనుమానం వచ్చింది. "సెల్లీ, బావ ఎటెల్తన్నాడే? కల్లు కొట్లో దూరినాడంటే ఆయనకి జైలు, నాకు తలవంపులు."

"కల్లు వాసన రాదన్నా."

"మరేటి వాసనొస్తాది?"

ఆలోచించాను. "పచ్చాకు వాసన."

అన్న బుర్ర గోక్కున్నాడు. ఆ మర్నాడే నేను ఆయన వెనకాల నడిచాను.

వాగు ఒడ్డున నాలుగు బొప్పాయి చెట్లున్నాయి. ఆయన ఒక ఆకు తుంచి, బోలుగా ఉన్న కాడ నోటికి ఆనించి, కవాతులో నిలబడ్డట్టు నిటారుగా నిలబడ్డాడు. బుగ్గలు బిగిశాయి. సీసాలో చిక్కిన తుమ్మెద చేసేంత చప్పుడు కూడా రాలేదు. మూతి తుడుచుకుని మళ్ళీ ఊదాడు. నాకు నవ్వు రాలేదు. ఇదేమిటో తెలుసుకోవాలనిపించింది.

"ఆ సీమ ఇదేనేటి?"

ఆయన ఉలిక్కిపడి కాడ వీపు వెనక దాచాడు. తర్వాత దాచడం ఎందుకనుకున్నాడేమో, ముందుకు తీశాడు.

"దొర కాగితం ఒక్కటే అడగలేదే. పెదవి బతికుంటేనే రమ్మన్నాడు. ఏడాది ఊదకపోతే మెత్తబడిపోతాది, ఇంక బాకా పలకదు."

"మరి గట్టిగా ఊదుకోవచ్చు కదా?"

"పెరట్టనుకొని కూలీలు పరిగెత్తుకొస్తే? అల్లరి సేసినాడని రాసేస్తారే. ఏడాదీ గంగలో కలిసిపోతాది."

కాడ తీసుకుని నేనూ ఊదాను. ఉమ్మి తప్ప ఏమీ రాలేదు. కోర్టు తర్వాత ఆయన పగలబడి నవ్వడం అదే మొదలు. అప్పటినుంచి కాడలు కోసి తెచ్చే పని నాదే. ఈయన అసలు బాకా ఎలా పలుకుతుందో నేనెప్పుడూ వినలేదు. కాడ కోసినప్పుడల్లా అదే ఆలోచన.

ఏడాది మచ్చ లేకుండా గడిచింది. కాగితం చేతికొచ్చిన వారం రైలెక్కి తైపింగ్ వెళ్ళాం. ఆడవాళ్ళను లోపలికి రానివ్వరు. గేటు బయట, పంజాబీ కాపలావాడికి కాస్త దూరంలో, నీడ చూసుకుని కూర్చున్నాను.

చాలాసేపటికి లోపల బాకా మోగింది. రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత.

లేచి నిలబడ్డాను. ఒళ్ళు దానంతటదే వంగింది, కుడి చెయ్యి బాల్దీ కోసం నేల తడుముతోంది. కాపలావాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. అప్పుడుగానీ నాకు వెలగలేదు. పటాలంలో, దొర ముందు, మా తోట పెరట్టు కూత! అంతా పోయిందనుకున్నాను.

ఎవరో వచ్చి కాపలావాణ్ణి లోపలికి పిలిచారు. అతను వెళ్ళి, ఇంకా నవ్వుకుంటూనే తిరిగి వచ్చాడు.

తర్వాత మళ్ళీ బాకా. ఈసారి అది మెట్టు మెట్టుగా పైకెక్కింది, పైన వణక్కుండా నిలిచింది, నెమ్మదిగా దిగింది. ఇంత పాట ఆ బొప్పాయి కాడలోనే ఉందా అని నోరు తెరుచుకుని విన్నాను.

మధ్యాహ్నానికి మా ఆయన బయటికొచ్చాడు. చంకలో ఇత్తడి బాకా ఉంది.

"ఏటయినాది మావా?"

"నోటికి ఆనించగానే తోట కూతే వచ్చేసినాదే. ఏడాదంతా పొద్దున్నే విన్నది అదే కదా. ఇదేటి కూత, దీనికెవరు లేస్తారని దొర కోపమైనాడు."

"నువ్వేటన్నావు?"

"గేటు బయట మా ఆడది ఈపాటికి లేసుంటాది దొరా అన్నాను. నమ్మలేదు. కాపలావాణ్ణి పిలిపించి అడిగినాడు. ఆడు సెప్పింది విని నవ్వేసి, సరే, ఇప్పుడు మాది ఊదు అన్నాడు."

నేను కాపలావాడి వైపు చూశాను. అతను మీసం దువ్వుకుంటూ, వంగి, నేలమీద లేని బాల్దీని వెతికి చూపించాడు.