ఏడుపు మానేసిన పాప

తెలియనితనంతో తన బిడ్డను తానే చంపుకుంటానేమోనన్నది ఆ తల్లికి అన్నిటికన్నా పెద్ద భయం. బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూనే ఉండేది. అసలు ప్రమాదం మాత్రం ఆమె కళ్లకు భాగ్యంలా కనిపించింది.

పుట్టిన కొత్తలో పాప గుక్కపట్టి ఏడ్చేది. "మీ ఇంట్లో ఆ మైకుసెట్టు ఎప్పుడు విప్పుతారమ్మా?" అని ఎదురు వాటా ఆయన ఎగతాళి చేశాడు. సిగ్గుపడి ఆమె కిటికీలు కూడా బిగించుకుంది. తల్లి లేదు. అత్తగారు మంచం పట్టింది. ఫోనులో పాలు పట్టే వీడియో చూసి, అందులో ఉన్నట్టే కూర్చుని, అలాగే పట్టేది. కొన్నాళ్లకు పాప ఏడుపు మానేసింది. రొమ్ము నోట్లో ఉండగానే నిద్రపోయేది. పాప తడిపితే ఉతకాల్సిన గుడ్డలు కూడా తగ్గాయి.

"అదృష్టవంతురాలివే! మా అక్క పిల్లలైతే ఇల్లు పీకి పందిరేసేవాళ్లు," అన్నాడు లారీ మీద ఊళ్లు తిరిగే భర్త ఫోనులో.

కింది వాటాలో బట్టలు కుట్టే పిన్నిగారు ఒకరోజు జాకెట్టు ఇవ్వడానికి పైకి వచ్చింది. "ఏదీ, మీ మహారాణి?" అంటూ పాపను ఎత్తుకుంది. ఆమె మొహంలో నవ్వు ఆగిపోయింది.

"అమ్మాయ్, చెప్పులేసుకో. ఆసుపత్రికి పోదాం."

"ఇప్పుడే పడుకుందండీ, లేపకండి..."

"ఇది నిద్ర కాదే తల్లీ. నడువు!"

పాలు అందక ఒళ్లు ఎండిపోయిందని, ఏడవడానికి ఓపిక లేకే పడి ఉందని డాక్టరమ్మ చెప్పింది. సూది గుచ్చడానికి నరం దొరకలేదు. చివరికి తల మీద దొరికింది. ప్రాణం దక్కింది. మెదడుకు దెబ్బ తగిలిందో లేదో ఎదిగితేగానీ తెలియదంది.

"ఎత్తుకోగానే మీకెలా తెలిసింది పిన్నిగారూ? నేను రోజంతా ఎత్తుకునే ఉన్నానే!"

"ఎలాగో చెప్పమంటే నాకూ రాదమ్మా. నలుగుర్ని పెంచిన చేతులు కదా. నా మొదటివాడప్పుడు మా అత్త తిడుతూనే నా చెయ్యి పట్టుకుని పాలు పట్టించింది. నీకు పట్టించినవాళ్లేరి? ఏడుపు ఆగింది కదా అని నేనూ హాయిగా మిషను తొక్కుకుంటూ కూర్చున్నాను."

పాపకు మళ్లీ పాలు పట్టమని డాక్టరమ్మ చెప్పిన రోజున పిన్నిగారు పక్కనే కూర్చుంది. తల్లి చేతి మీద తన చెయ్యి వేసి, పాప నోరు బాగా తెరిచేదాకా ఆగి, రొమ్ముకు దగ్గరగా అదిమింది. గుటక చప్పుడు వినిపించింది. ఇన్నాళ్లూ ఆ చప్పుడే వినలేదని అప్పుడు తెలిసి, తల్లి కుమిలిపోయింది.

చదువుతున్న అమ్మలారా, అయ్యలారా! బిడ్డను సాకడంలో చాలా సంగతులు మాటల్లో ఇమడవు. పక్కన కూర్చుని చెయ్యి పట్టి నేర్పేవాళ్లు కావాలి. మీ పక్క వాటాలో ఒంటరి బాలింత ఉందా? బిడ్డ ఏడుపు ఈమధ్య వినిపించడం మానేసిందా? దయచేసి ఇవాళే తలుపు తట్టి, ఆ బిడ్డను ఒక్కసారి ఎత్తుకుని చూడండి.