ఆవిడ వాటా

ఊరంతా గౌరవంగా దోన్యా అని పిలిచే ఎర్మీనియా పెరట్లో సముద్రం వైపు కంచెనానుకుని ఓ నేల పట్టీ ఉంది. అందులో కర్రపెండలం ఏపుగా పెరుగుతుంది. దారిన పోయేవాళ్ళు తవ్వుకుపోవచ్చు, పీతలు పట్టేవాళ్ళు తవ్వుకుపోవచ్చు. ఇంటివాళ్ళు మాత్రం ఒక్క దుంప నోట పెట్టకూడదు. ఎందుకని అడిగితే, "అది ఆవిడ వాటా" అంటారు. ఏ ఆవిడ? ఏమో, ఎవరికి తెలుసు! మరియమాతే అయ్యుంటుందని ఎర్మీనియా తల్లి అక్కడొక బొమ్మ కూడా నిలబెట్టింది.

వాళ్ళ తీరపు ఊరు లోయీసాలో ఇప్పుడు సముద్రం వైపు జానెడు నేలకైనా గిరాకీయే. పక్కన కొత్తగా లేచిన హోటలువాళ్ళు, కార్లు నిలుపుకోవడానికి ఆ పట్టీ అమ్మమని ఎర్మీనియా కొడుకు ఎఫ్రైన్‌ను పట్టుకున్నారు.

"పేరూ ఊరూ లేని ఆవిడకి వాటా ఏంటమ్మా? ఇక్కడ నా వాటాకే దిక్కులేదు!" అన్నాడు వాడు.

ఎర్మీనియా కూతురి వైపు తిరిగింది. "ఏమే నెరెయిదా, బళ్ళో పిల్లలకి చరిత్ర చెప్తావుగా? ఆవిడెవరో కనుక్కురా. ఎవరూ లేరని తేలితే వాడి ఇష్టం, అమ్ముకోనీ."

"వెళ్ళక్కా, వెళ్ళు. మరియమ్మ పేరున పట్టా తెచ్చావంటే కొవ్వొత్తి నేనే వెలిగిస్తా!"

నెరెయిదా సెలవులన్నీ రాజధాని శాన్ హువాన్‌లో, పాత దస్తావేజుల గదిలో కరిగిపోయాయి. పురుగులు తిన్న కాగితాలు, కోడి కెలికినట్టున్న రాత. మొదట భూమి కాగితం దొరికింది. డేనులు ఏలే పక్క దీవి నుంచి పడవలో పారిపోయి వచ్చిన ఒక బానిసకు ఇక్కడి సర్కారువాళ్ళు జ్ఞానస్నానం చేయించి, హువాన్ మతేయో అని పేరు పెట్టి, స్వేచ్ఛతో పాటు కాస్త నేల కూడా ఇచ్చారు. ఎల్లలు వేలు పెట్టి మళ్ళీ చదివింది. అది వాళ్ళ పెరడే! కానీ ఆవిడ ఊసు అందులో లేదు.

ఆ పేరు పట్టుకుని వెళ్తే కోర్టు కాగితం తగిలింది. పొరుగువాడు దావా వేశాడు. ఇతను సముద్రం వైపు పట్టీలో పంట తినడు, ఊరికే వదిలేస్తాడు, కాబట్టి దాన్ని నాకిప్పించండి అని. ఎంత గడుసువాడో చూడండి! ఎందుకు తినవని న్యాయాధికారి అడిగితే హువాన్ మతేయో చెప్పిన జవాబును గుమస్తా రాసుకున్నాడు.

"పడవలో ఒక్కరికే చోటుంది. నా చెల్లెలు అఫీబా నన్నెక్కించి, నీళ్ళలో నిలబడి పడవను తోసింది. నేనొచ్చిన సముద్రం మీదే తనూ వస్తుంది. వచ్చేసరికి ఆకలిగా ఉంటుంది. అది తన వాటా, నేను తినను."

నెరెయిదా చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా ఏడ్చేసింది.

ఆఖరిది సైన్యం కాగితం. ఇంగ్లీషువాళ్ళు ఓడలేసుకుని ఈ దీవి మీద పడ్డప్పుడు అతను నల్లవాళ్ళ దళంలో తుపాకీ పట్టాడు. తొడలో గుండు దిగింది. బహుమానం కోరుకోమంటే డబ్బు అడగలేదు, ఇంకాస్త నేలా అడగలేదు. ఒక పడవ, చెల్లెల్ని తెచ్చుకోవడానికి సెలవు, అంతే అడిగాడు. పక్కన "కుదరదు" అని రాసి ఉంది. ఆ కిందే, గాయం కుళ్ళి చనిపోయాడని ఉంది.

ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని అన్నీ చదివి వినిపించింది. నిజం చెప్పొద్దూ, ఎఫ్రైన్ నవ్వడానికే సిద్ధపడి కూర్చున్నాడు. సగంలోనే వాడి నోరు మూతబడింది. రెండువందల ఏళ్ళు దాటింది. తుపానులు ఇంటి కప్పులు ఎత్తుకుపోయాయి, పిల్లలు ఆకలితో పడుకున్న ఏళ్ళున్నాయి. అయినా పేరైనా తెలియని మనిషి వాటా ఇంట్లో ఎవరూ ముట్టలేదు. ఏం మనుషులమ్మా వాళ్ళు!

"మరి... ఆవిడొచ్చిందా అక్కా?" అన్నాడు ఎఫ్రైన్.

"ఎంత వెతికినా కనబడలేదురా."

వాడు కిటికీలోంచి ఆ పట్టీ వైపు చూశాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "హోటలోళ్ళకి నేను చెప్తాలే, అది మనది కాదని."

ఎర్మీనియా పొయ్యి ఆర్పి, చేతులు తుడుచుకుని, చెప్పులైనా లేకుండా పెరట్లోకి నడిచింది. మరియమాత బొమ్మ దాటి కంచె దగ్గర ఆగి, సముద్రం వైపు గొంతెత్తి పిలిచింది.

"అఫీబా! అమ్మా అఫీబా! దుంపలు ఊరాయి, వచ్చి తిను తల్లీ!"

హువాన్ మతేయో పోయాక ఆ నేల మీద ఆ పేరు వినబడడం అదే మొదలు. ఆమె మళ్ళీ పిలిచింది. ఈసారి వెనక నుంచి ఎఫ్రైన్ కూడా గొంతు కలిపాడు.