నలభై ఏడు ఆటలు

ఐస్ హాకీ రింక్ వెనక షెడ్డులో వెర్నా కోస్టిక్ బండిలోకి వేడి నీళ్లు పడుతోంది. మంచు చదును చేసే ఆ బండి ఇరవై ఆరేళ్లుగా ఆమె చేతిలోనే ఉంది. పైనున్న అద్దాల గదిలో ఐదుగురు కూర్చుని ఆమె పేరు గోడకెక్కాలా వద్దా అని తేలుస్తున్నారు. ఆష్‌బర్న్‌లో హాల్ ఆఫ్ ఫేమ్ అని నోరారా ఎవరూ అనరు, గోడ అంటారు. రింక్ గుమ్మం పక్కన గొప్ప ఆటగాళ్ల పేర్లతో ఇత్తడి పలకలు తాపిన గోడ అది. ఎవరి గురించి మాట్లాడుతున్నారో వాళ్లు ఆ గది మెట్లెక్కకూడదన్నది ఆచారం.

గోడకెక్కాలంటే ఐదు సీజన్లు ఆడి ఉండాలని నియమం. వెర్నా ఆడింది రెండే. నలభై ఏడు ఆటలు, అరవై మూడు గోల్స్. ఇరవై రెండో ఏట ఫైనల్‌లో మోకాలు ముక్కలయింది, అంతటితో సరి. కాకిలా కలకాలం బతికేకన్నా హంసలా ఆరు నెలలు చాలంటారు పెద్దలు. ఈ నియమం రాసినవాళ్లు మాత్రం కాకుల పక్షం. ఐదుగురిలో నలుగురు సరేనంటే నియమాన్ని పక్కన పెట్టవచ్చన్న మెలిక ఒకటుంది కాబట్టి ఇవాళ ఆమె పేరు అక్కడిదాకా వెళ్లింది.

రస్ టోలెఫ్సన్ రెండు కాఫీలు పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. పైనున్న ఐదుగురి కమిటీకి పెద్ద, చిన్నప్పుడు వెర్నాతో ఒకే బడి. పదకొండు సీజన్లు ఆడాడు కనుక అతని పలక గోడ మీద ఎప్పటినుంచో ఉంది.

"ఓ మాటనుకున్నాం వెర్నా. నీకు ధైర్య పురస్కారం ఇస్తాం. పలక గోడ మీదే, కాకపోతే కొంచెం పక్కగా. అంత దెబ్బ తగిలినా రింక్‌ని వదల్లేదు కదా నువ్వు, అది రాయిస్తాం."

పాము చావకుండా కర్ర విరగకుండా తేల్చేశానన్న సంతోషం అతని మొహంలో కనిపిస్తూనే ఉంది.

"కుంటిదానికి ఓ పలక పడేద్దామనుకున్నారన్నమాట," అంది వెర్నా.

"నేనలా అన్నానా?"

"అనక్కర్లేదు. మీ మర్యాద నాకు తెలీదా."

ఆ మర్యాద ఆమెకు బాగానే తెలుసు. ఫైనల్‌లో ఆమెను స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే రెండు జట్లవాళ్లూ హాకీ కర్రలతో మంచు మీద టకటకమని కొట్టారు. దెబ్బతిన్నవాళ్లను అలాగే సాగనంపుతారు. మోకాలి నొప్పి మాత్రలకు తగ్గింది కానీ ఆ చప్పుడు ఈనాటికీ ఒళ్లు మండిస్తుంది. తను గోల్స్ కొడితే ఊరు లేచి అరిచింది, ఆ అరుపు ఎవరికీ గుర్తులేదు. అందరికీ గుర్తున్నది స్ట్రెచరే.

ఆమె కొళాయి కట్టేసింది.

"పద, పైకి."

"నువ్వు రాకూడదే, ఆచారం..."

"మీ ఆచారం మీద మంచు పోసేది నేనే కదరా. పద."

పద్నాలుగు మెట్లు. కుడికాలు ఒక్కో మెట్టు దగ్గరా మొరాయించింది. కాఫీలు కిందే వదిలొచ్చిన రస్ చెయ్యందించబోయి, ఆమె చూసిన చూపుకి దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

గదిలో నలుగురూ తలలు తిప్పి చూశారు. కిటికీ పక్కన లొరెయిన్ బోద్రీ కూర్చుని ఉంది. ఒకప్పుడు వెర్నాతో ఒకే జట్టులో ఆడింది. పదేళ్ల కిందట గోడకెక్కిన ఆమె పలక మీద 'ఫైనల్ గెలిపించిన గోల్' అని ఉంటుంది. ఇవాళ మాత్రం కుక్కిన పేనులా ఉంది.

"ధైర్యానికి పలక నాకొద్దు," అంది వెర్నా. "పడ్డవాళ్లంతా లేస్తారు, అందులో నా గొప్పేం లేదు. నేను ఆట ఆడాను. ఆ ఆటకి గోడ మీద చోటుందో లేదో చెప్పండి. లేదంటారా, లేదని మొహం మీద చెప్పండి. కాఫీ తెచ్చి చెప్పొద్దు."

"రెండేళ్లు చాలవు కదా?" అన్నాడు రస్, నెమ్మదిగానే. "ఒంటిని పదేళ్లు కాపాడుకుంటూ ఆడటమూ ఆటేగా. పొద్దున్నే లేచి, దెబ్బలు ఓర్చుకుని ఏళ్లతరబడి ఆడినవాళ్లకి ఏం చెప్పమంటావు?"

మాటలో న్యాయం లేకపోలేదు. వెర్నా నోరు తెరిచేలోపే లొరెయిన్ లేచింది.

"ఆ గోల్ నాది కాదు."

వెర్నాకి తప్ప ఎవరికీ అర్థం కాలేదు. లొరెయిన్ కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసింది. ఫైనల్ రెండో భాగంలో వెర్నా పెదవి చిట్లి జెర్సీ నిండా రక్తమయింది. రక్తం మరకతో ఆడనివ్వరు. జాబితాలో పేరున్నా, లొరెయిన్ ఆ రోజు జ్వరంతో బట్టలు మార్చుకునే గదిలో వాంతులు చేసుకుంటోంది. తన పదిహేడో నంబర్ జెర్సీ తీసి ఇచ్చింది. ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్లు, చూసేవాళ్లకి నంబరొక్కటే తెలుస్తుంది. ఆ జెర్సీతో వెర్నా గోల్ కొట్టగానే లెక్క రాసేవాడు పదిహేడు ఎవరని జాబితా చూసి లొరెయిన్ పేరు రాశాడు. నాలుగు నిమిషాల తర్వాత వెర్నా మోకాలు పోయింది. ఆ గొడవలో కాగితం దిద్దించాలన్న ధ్యాస ఎవరికుంటుంది?

"తర్వాత దిద్దిద్దామనుకున్నా," అంది లొరెయిన్. "తర్వాత సిగ్గేసింది. నువ్వెందుకు చెప్పలేదే ఇన్నాళ్లూ?"

"జెర్సీ ఇచ్చింది నువ్వే కదా, అది లేకుంటే ఆ గోలూ లేదు," అంది వెర్నా.

రస్ మొహం వెలిగిపోయింది. "ఇంకేం మరి! ఫైనల్ గెలిపించింది వెర్నాయే అయితే ఇక వాదనే లేదు. ఇప్పుడే రాసేద్దాం."

"ఆగరా," అంది వెర్నా. "ఇందాక రెండేళ్లు చాలవన్నావు. ఇప్పుడవి మూడయ్యాయా? అరవై మూడు గోల్స్‌కి లేవని చెయ్యి అరవై నాలుగోదానికి లేస్తుందా? లెక్క కావాలంటే రేపు దిద్దుకోండి. ఓటు మాత్రం ఆ గోల్ పక్కన పెట్టి వెయ్యండి. ఆ రెండేళ్లు చాలో చాలవో చెప్పండి."

"గెలిచిందాన్ని పోగొట్టుకుంటావే," అన్నాడు రస్.

"పోనీ. గోడలేకుండా ముప్పై రెండేళ్లు బతికాను, ఏం కరిగిపోయాను? నాలుగింటికి ఆట ఉంది, నాకు పనుంది."

కుంటుతూ మెట్లు దిగింది. చేతికొచ్చినదాన్ని కాలదన్ని వచ్చానని తెలుసు. ఆ గోడ మీద పేరు చూసుకోవాలని ఆమెకెంత ఆశో ఆమెకే తెలుసు, ఆశ లేనిదాన్నని ఎన్నడూ చెప్పుకోలేదు. అయినా తిరిగి పైకి వెళ్లలేదు. బండి ఎక్కి మంచు మీదికి తోలింది. వెనక తడి చార మెరుస్తూ పరుచుకుంది.

నాలుగో చుట్టులో తలెత్తింది. మాటలు వినబడవు, అద్దం వెనక మనుషులు కనబడతారంతే. ముందు లొరెయిన్ చెయ్యి లేచింది, భుజం పైదాకా నిటారుగా. తర్వాత ఇంకొకటి. కాసేపటికి మూడోది. నాలుగో ఆయన చెయ్యి సగం ఎత్తి ఆగాడు, పక్కకి చూసుకున్నాడు, పూర్తిగా ఎత్తాడు. అందరూ రస్ వైపు తిరిగారు. అతను వెర్నానే చూస్తూ రెండు చేతులూ కట్టుకున్నాడు. తల దించలేదు, నవ్వలేదు. నిజంగానే చాలవనుకుంటున్నాడు.

వెర్నాకి నవ్వొచ్చింది, దాని వెంట కళ్లనీళ్లూ వచ్చాయి. ఐదు చేతులూ లేచి ఉంటే మళ్లీ ఆ కర్రల టకటకేనని జీవితాంతం అనుమానపడేది. ఒకడు కాదన్నాడు, నలుగురు ఔనన్నారు. జాలితో వేసే ఓటైతే ఎవరూ కాదనరు.

లొరెయిన్ పైనుంచి ఆగమని చెయ్యి ఊపింది. సగం మంచు తడిగా ఉండగా బండి ఆపితే నీళ్లు అక్కడే గడ్డకట్టి గట్టు కడుతుంది. వెర్నా ఆపలేదు, మిగిలిన సగం మీదికి తిప్పింది.